రెండు చెంబులు

నాకు నోరెక్కువ. ఇది నేను చెప్పుకునే గొప్ప కాదు, నా పై ఆఫీసర్లు కాగితాల మీద రాసి పెట్టిన సంగతి. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది సరస్వతమ్మా" అని ఒకాయన నాకు బుద్ధి కూడా చెప్పాడు. అంగన్‌వాడీ టీచర్‌గా పద్దెనిమిదేళ్ళు నోరు మంచిగానే పెట్టుకున్నాను. ఊరేమీ మంచి కాలేదు. ఇప్పుడు నాకు యాభై మూడేళ్ళు. ఇక ఈ నోటిని మార్చుకునే ఓపిక నాకు లేదు.

ఆ శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు తిప్పమ్మ ఫోన్ చేసింది. పత్తి తీసే కూలి మనిషి. మా పల్లవి తల్లి. గొంతు చూస్తే ఏడ్చి ఏడ్చి ఆరిపోయినట్టుంది.

"టీచరమ్మా, హెడ్మాస్టర్ సారు రమ్మన్నాడు. పల్లవికి టీసీ ఇస్తాడంట. నేనే అడిగినట్టు కాగితం రాసి పెట్టినాడంట, ఏలిముద్ర ఏస్తే సాలంట."

"ఏంటికి?"

"పట్టీ పోయింది గదా. లక్ష్మప్ప కూతురి ఎండి పట్టీ. పల్లవే తీసిందంటాండారు."

"ఎయ్యొద్దు తిప్పమ్మా. నేనొస్తాండా. నేనొచ్చేదాకా ఏ కాగితం మీదా వేలు పెట్టొద్దు."

"ఏసేస్తాలే టీచరమ్మా. రచ్చ అయితే అన్నీ బయటికొస్తాయి."

అన్నీ అంటే ఏమిటో నాకు తెలుసు. అది ఎవరికీ చెప్పనని పల్లవి తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసిన మనిషిని నేనే.

అంగన్‌వాడీ మానేశాక నేను చేరిన ఆఫీసు ఆదోనిలో, పత్తి మార్కెట్ యార్డు వెనక వీధిలో, ఒక విత్తనాల అంగడి మీద ఉన్న ఒక్క గది. ఆఫీసు అంటే నేను, నాతో పనిచేసే సామ్సన్, ఒక బీరువా, సామ్సన్ బండి. తల్లి కడుపులో ఉండగానే కల్లో సారానో తగిలి, మెదడు దెబ్బతిని పుట్టిన పిల్లలను వెతికి పట్టుకుని, వాళ్ళకు బడిలో, ఇంట్లో తోడుగా నిలబడటం మా పని. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పదిహేడు మంది పిల్లలు మా దగ్గర ఉన్నారు. మా పని ఏమిటని అడిగినవాళ్ళకు ఇదంతా చెబితే సగం మంది "పాపం" అంటారు, సగం మంది "ఆ తల్లులను చెప్పుతో కొట్టాలి" అంటారు. రెండు రకాల వాళ్ళూ నాకు పనికిరారు.

"సామ్సన్, బండి తియ్యి."

"అక్కా, ఎమ్మిగనూరులో పిల్లవాణ్ణి చూసేది ఉండాది గదా ఈ పొద్దు?"

"సాయంత్రం పోదాం. ముందు పల్లవి."

ఊరి పేరు చెప్పను. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు మీద ఒకచోట ఎడమ పక్కకు తిరగాలి, అంతే చాలు. దారి పొడుగునా చేలల్లో పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. జిన్నింగు మిల్లులకు పోయే లారీలు ఎదురొస్తుంటే సామ్సన్ బండిని మట్టిలోకి దింపి, మళ్ళీ రోడ్డెక్కిస్తున్నాడు. వెనక కూర్చుని నేను సంచిని పొట్టకు గట్టిగా పట్టుకున్నాను. అందులో కర్నూలు పిల్లల డాక్టరమ్మ రాసిచ్చిన రిపోర్టు ఉంది. ఆ రిపోర్టు రెండో పేజీలో, అందరూ చదవగలిగే అక్షరాలతో, కారణం రాసి ఉంది.

పల్లవికి తొమ్మిదేళ్ళు. చూస్తే ఆరేళ్ళ పిల్ల అనుకుంటారు. చిన్న తల, చిన్న కళ్ళు, సన్నటి పై పెదవి. ముక్కుకూ పెదవికీ మధ్య అందరికీ ఉండే చిన్న గాడి ఆ పిల్లకు లేదు, నున్నగా ఉంటుంది. ఈ పొద్దు నేర్చిన ఎక్కం రేపటికి ఉండదు. ఎల్లుండి మళ్ళీ వస్తుంది, టీచర్‌కు పిచ్చెక్కుతుంది, ఎగతాళి చేస్తున్నావా అని ఒక దెబ్బ వేస్తుంది. ఇది బద్ధకం కాదు, పొగరు కాదు. లోపల తీగలు కొన్ని అతకలేదు, అంతే.

వీటన్నిటికంటే నాకు భయం ఇంకొకటి. పల్లవికి కాదనడం రాదు. ఎవరు ఏమి అడిగినా "ఊఁ" అంటుంది. అన్నం తిన్నావా, ఊఁ. తినలేదా, ఊఁ. గట్టి గొంతుతో అడిగితే ఇంకా తొందరగా ఊఁ అంటుంది, ఎందుకంటే ఊఁ అంటే ఎదుటి మనిషి ముఖం మెత్తబడుతుందని దానికి తెలుసు. నోరుంటే తల కాస్తుందంటారు పెద్దలు. ఈ పిల్ల తల కాయడానికి ఉన్నది ఒక్క ఊఁ, అదీ ఎదుటివాడి పక్షమే. పోయిన ఏడాది ఎవడో ట్రాక్టర్ డ్రైవర్ "వస్తావా పాపా, జాతరకు పోదాం" అంటే ఊఁ అని ట్రాక్టర్ ఎక్కి కూర్చుంది. వాడు మంచివాడు కాబట్టి ఊరి చివర దింపేశాడు. అందరు డ్రైవర్లూ మంచివాళ్ళు కారు. బడిలో పేరు తీసేస్తే తల్లి, అవ్వ పత్తి చేలో ఉన్న ఆ ఎనిమిది గంటలూ ఈ పిల్ల రోడ్డు మీదే ఉంటుంది. నాకు బడి కావలసింది చదువు కోసం మాత్రమే కాదు. 

ఏడాదిగా మేము రెండు పనులు చేస్తున్నాం. ఒకటి ఆట. కుర్చీని చూపించి "ఇది ఎద్దా?" అంటాను. మొదటి ఆరు నెలలు ఊఁ అనేది. సామ్సన్ ఆ కుర్చీకి పగ్గం కట్టి అదిలించేవాడు, అది పడి పడి నవ్వేది. ఇప్పుడు "కాదు" అంటుంది, కానీ మాతోనే, ఆటలోనే. రెండోది బొమ్మల కాగితం. పాత క్యాలెండర్ వెనక నేను ఆరు బొమ్మలు గీసి బడిలో దాని చోటు దగ్గర గోడకు అంటించాను. పలక, కొళాయి, అన్నం పళ్ళెం, పుస్తకం, బెల్లు, ఇల్లు. ఒక బొమ్మ అయ్యాకే ఇంకో బొమ్మ. అంతకుముందు రోజుకు ఐదారుసార్లు బడి నుంచి లేచి పోయే పిల్ల, ఆ కాగితం వచ్చాక సాయంత్రం దాకా కూర్చోవడం నేర్చింది. నా పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన పని అంతా ఒక ఎత్తు, ఆ క్యాలెండర్ కాగితం ఒక ఎత్తు.

ఇక తిప్పమ్మ దాచిన సంగతి.

పత్తి తీసే రోజుల్లో ఆ ఊళ్ళో ఒక మర్యాద ఉండేది. మధ్యాహ్నం చేను గట్టు మీదికి రైతు ఈత కల్లు కుండ పంపిస్తాడు. కూలికి వచ్చిన ఆడవాళ్ళకు తలా ఒక చెంబు. కడుపుతో ఉన్న మనిషికి మాత్రం రెండు. రెండు పానాలు గదా, రెండు చెంబులు. అందరికంటే ముందు ఆమెకే పొయ్యాలి, నురగ తీసి చేతికి ఇవ్వాలి. కల్లు చలువనీ, కడుపులో బిడ్డకు ఎండ తగలదనీ, బిడ్డ తెల్లగా పుడుతుందనీ నమ్మకం. ఇంటికి వచ్చాక అత్త ఇంకో చెంబు తెచ్చి పెడుతుంది. చేను పని అయిపోయినా అలవాటు అయిపోదు. తిప్పమ్మ పల్లవిని మోసిన తొమ్మిది నెలలూ ఆ చెంబులు ఆగలేదు. ఎవరూ ఆమెను హింసించలేదు. ముద్దుగా చూసుకున్నారు, ఆ ముద్దులోనే అంతా జరిగిపోయింది.

అప్పుడు ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్‌ను నేనే. నెలనెలా తిప్పమ్మను కాటా మీద నిలబెట్టి బరువు రాసుకునేదాన్ని. ఒకరోజు వాసన గుప్పుమంది. నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. "ఏం తిప్పమ్మా, అప్పుడే రెండు చెంబులూ అయినాయా?" అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. బరువు రాసుకుని, ఐరన్ మాత్రలు చేతిలో పెట్టి పంపించాను. కల్లు కడుపులో బిడ్డకు చేటని నాకెవరూ చెప్పలేదు నిజమే, కానీ తెలుసుకోవాలని నాకూ అనిపించలేదు. ఆ నవ్వు ఇప్పటికీ నా గొంతులో ముల్లులాగే ఉంది.

రిపోర్టు వచ్చిన రోజు తిప్పమ్మ నా చేతిని లాక్కుని పల్లవి తల మీద పెట్టించింది. "సుగ్గికని కూలికి వలస పోయిన నా మొగునికి తెలిస్తే తాగుబోతు ముండ అని నన్ను ఇడ్సిపెడతాడు. ఊరంతా ఊస్తాది. సెప్పనని ఒట్టెయ్యి" అంది. ఒట్టు వేశాను.

మేము పోయేసరికి బడి వరండాలో పంచాయితీ కూర్చుని ఉంది. హెడ్మాస్టర్ నాగేశ్వరయ్య కుర్చీలో, ఆయన ముందు బల్ల మీద కాగితం, దాని పక్కన వేలిముద్రల సిరా డబ్బా. ఇంకో కుర్చీలో లక్ష్మప్ప, బడి కమిటీ ఛైర్మన్, ముప్పై ఎకరాల పత్తి రైతు. కింద చాప మీద కమిటీలో ఉన్న ఏడెనిమిది మంది తల్లులు, మధ్యాహ్నం భోజనం వండే ఆమె. ఒక మూల తిప్పమ్మ. ఆమె వెనక గోడకు ఆనుకుని అత్త హులిగెమ్మ, చేలో నుంచి నేరుగా వచ్చినట్టుంది, నడుముకు పత్తి ఒడి ఇంకా కట్టుకునే ఉంది. స్తంభం దగ్గర పల్లవి నిలబడి తన జడ కొసను నములుతోంది.

నాగేశ్వరయ్య చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు పని సులువయ్యేది. ఆదోని నుంచి రోజూ బస్సులో వస్తాడు, ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు, పైనుంచి రోజుకో యాప్, రోజుకో ఫోటో. ఆయనకు ఒక తలనొప్పి తగ్గితే చాలు, అది తొమ్మిదేళ్ళ పిల్లయినా సరే.

"రండి మేడమ్. గొడవేమీ లేదు. తల్లే టీసీ అడుగుతోంది" అన్నాడు.

"తల్లి నోరు తెరవకముందే కాగితం తయారైంది గదా సారూ. చట్టం ప్రకారం మీరు పిల్ల పేరు కొట్టెయ్యకూడదు. అందుకే తల్లి సేత కొట్టిస్తాండారు."

"దొంగతనం జరిగిందమ్మా."

"పల్లవే తీసిందని ఎవరు తేల్చినారు?"

"తేల్చేదేముంది, పిల్లే ఒప్పుకుంది. నేను అడిగాను, లక్ష్మప్ప అడిగాడు, పదిమందిలో అడిగాం. తీశావా అంటే ఊఁ అంది."

నాకు కోపం నెత్తికెక్కింది. కోపం వచ్చినప్పుడు నాకు తెలివి కూడా వస్తుందని ఒక భ్రమ ఉంది. పల్లవి దగ్గరికి పోయి అందరికీ వినపడేట్టు అడిగాను.

"పల్లవీ, పట్టీ లక్ష్మప్ప మామ తీసినాడా?"

"ఊఁ."

"హెడ్మాస్టర్ సారు తీసినాడా?"

"ఊఁ."

"నేను తీసినానా?"

"ఊఁ."

చాప మీద ఆడవాళ్ళు గొల్లుమన్నారు. లక్ష్మప్ప మీసం కింద కూడా నవ్వు కదిలింది. "చూసినారు గదా! ఒప్పుకునేది ఇట్లుంటాది. ఈ లెక్కన మనం ముగ్గురం దొంగలమే. రాయండి మూడు టీసీలు" అన్నాను.

గెలిచాననుకున్నాను. అందరూ నవ్వుతున్నారని పల్లవి కూడా నవ్వడం అప్పుడు చూశాను. తనను చూసే నవ్వుతున్నారని దానికి తెలియదు. పదిమందిలో దాన్ని ఆట బొమ్మను చేసింది నేను. తిప్పమ్మ తల వంచుకుంది.

నాగేశ్వరయ్య నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మెల్లగా అన్నాడు.

"బాగుందమ్మా. దొంగ కాదు, ఒప్పుకుంటున్నాను. మతి సరిగా లేదు, అది మీరే చూపించారు. మతి లేని పిల్లను ఇద్దరు టీచర్లతో నేనెట్లా చూడాలి? రేపు గేటు దాటిపోయి ఏ లారీ కిందో పడితే ఉద్యోగం పోయేది నాది. కర్నూలులో ఇట్లాంటి పిల్లలకు హాస్టల్ ఉందట, అక్కడికి పంపండి."

నా నోటితో నేనే గొయ్యి తవ్వాను. అయినా ఊరుకోలేదు. "మతి లేక కాదు సారూ. ఒక్కసారికి ఒక్క మాట సెప్పాల, అరవకుండా సెప్పాల, రోజూ అదే సోట కూసోబెట్టాల. ఇంతే. ఆ బొమ్మల కాగితం పెట్టినాక ఒక్కరోజన్నా గేటు దాటిందా?"

ఆయన గేటు సంగతి వదిలేశాడు. "అసలు ఎందుకిట్లా అయింది? మేనరికమా? జ్వరమొచ్చిందా? డాక్టరు రిపోర్టు ఉందన్నారు గదా, చూపించండి. కారణం ఏమిటో చూద్దాం" అన్నాడు.

సంచి నా చేతిలోనే ఉంది. సామ్సన్ నా ముఖం చూస్తున్నాడు. ఆ రెండో పేజీ తీసి బల్ల మీద కొడితే ఆయన నోరు మూతపడుతుంది, తిప్పమ్మ బతుకు కూడా అక్కడే మూతపడుతుంది. జన్మలో మొదటిసారి నాకు మాట దొరకలేదు.

"కారణం మీకెందుకు?" అన్నాను.

లక్ష్మప్ప కుర్చీలో వెనక్కి వాలాడు. "సెప్పేకి ఏదో ఉండాది, అందుకే సెప్పడం లేదు. తల్లి ఏం పాపం సేసిందో ఏమో, బిడ్డకు తగిలింది."

తిప్పమ్మ లేచింది. ఎవరి వైపూ చూడకుండా బల్ల దగ్గరికి పోయి సిరా డబ్బాలో బొటనవేలు పెట్టింది.

"తియ్యే ఏలు!"

అంత గట్టిగా అరిచింది హులిగెమ్మ. ఆ ముసలామె గొంతు నేను ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ అంత పెద్దగా వినలేదు. ఒడిలో పత్తి ఒడిలోనే, గోడను వదిలి మధ్యకు వచ్చి కోడలి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. సిరా వేలు తిప్పమ్మ చీర మీద నల్లగా అంటుకుంది.

"పాపం అంటాండావు గదా లక్ష్మప్పా. దాన్నేంటికి అడుగుతావు, నన్నడుగు. కల్లు తాపిచ్చింది నేను. ఇది కడుపుతో ఉన్నప్పుడు, నవమాసాలు. వద్దత్తా, తల తిరుగుతాండాది అనింది ఇది. తాగే, రెండు పానాలు నీవి అని గదిమి తాపిచ్చినా. అదే బిడ్డ తలకాయకు తగిలిందని డాక్టరమ్మ రాసింది. ఆ సంచిలో ఉండాది కాగితం. నాకు సదువు రాదు గానీ సెవులుండాయి. నా కోడలు రాత్రంతా ఏడుస్తాంటే ఇన్నా."

తిప్పమ్మ "అత్తా, గమ్మునుండత్తా" అని ఆమె కొంగు లాగుతోంది. హులిగెమ్మ ఆగలేదు.

"ఇసమని తాపలేదప్పా. సలవ అని తాపినా. నా అత్త నాకు తాపింది, నేను దీనికి తాపినా. సరే, ఇంగ నువ్వు సెప్పు. ఆ కుండ యాడిది? నీ సేని గట్టు మీదికి వచ్చింది గదా? నువ్వే నెత్తిన పెట్టుకోని వచ్చి దించినావు. మొదటి సెంబు నువ్వే ముంచి దీని సేతికిచ్చినావు, నేను సూసినా."

"అది మర్యాదకు ఇచ్చిన కల్లు గదా అవ్వా" అన్నాడు లక్ష్మప్ప.

"నేనూ మర్యాదకే పోసినా. అయితే మర్యాద మనందరిదీ, పాపం మాత్రం దీనిదొక్కదానిదేనా?"

చాప మీద కదలిక మొదలైంది. నేను తాగలేదంటే నేను తాగలేదని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఎవరూ అడగలేదు, అయినా చెప్పుకుంటున్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రం మాయం. ఆ ఊళ్ళో ఏ ఇంట్లో ఏ చెంబు ఉందో నాకు తెలుసు.

ఇక నేను ఊరుకోవడం న్యాయం కాదు. పెదవి దాటకూడని మాటను ఆ అవ్వ తన నెత్తికెత్తుకుని చెప్పేసింది. నా వంతు మాట ఒకటి మిగిలి ఉంది.

"నేను కూడా సెప్పాల. దీని బరువు రాసింది నేను. కల్లు వాసన వస్తే నవ్వినా. గవర్నమెంటు జీతం తీసుకోని, తెల్ల కోక కట్టుకోని, నవ్వినా. ఆ పొద్దు నేను ఒక్క మాట అనింటే హులిగెమ్మవ్వ ఇనేది. నా మాట ఇనేవాళ్ళు ఆ రోజుల్లో. కాబట్టి పాపం తూకం ఏసేటట్టయితే కాటా మీదికి ముందు నన్నెక్కించండి. కానీ ఆ పిల్లనెక్కించడానికి ఎవనికీ హక్కు లేదు."

నాకు ఏడుపొచ్చింది. రానీ. యాభై మూడేళ్ళు వచ్చాక ఏడవడానికి కూడా పర్మిషన్ అడగాలా?

అప్పుడు వంట చేసే ఆమె, ఎవరి ముఖమూ చూడకుండా, చాప పుల్లలు పీకుతూ అంది. "నేనూ తాగినా టీచరమ్మా. మా వాడు మూడో ఎక్కం ఎన్నిసార్లు నేర్చినాడో ఆ దేవునికే తెలియాల. కొట్టి కొట్టి నా సెయ్యి నొప్పి పుట్టింది. ఇదేనా?"

"నాకు తెలీదమ్మా. తాగిన అందరి బిడ్డలకూ కాదు. ఎంత తాగితే ఎంత తగులుతుందో గీత గీసి ఏ డాక్టరూ సెప్పలేడు. సోమవారం వాణ్ణి తోలుకోని ఆఫీసుకు రా, సూద్దాం. అంతదాకా కొట్టొద్దు."

తిప్పమ్మ నేల మీద కూలబడి ఉంది. "మొగునికి తెలుస్తాది. ఈ సాయంత్రానికే ఎవరో ఒకరు ఫోన్ సేస్తారు" అంటోంది తనలో తాను.

"సెయ్యనీ" అంది హులిగెమ్మ. "బసవన్న నా కొడుకు. వాడు అరిస్తే ఫోను నాకియ్యి. వాడు కడుపులో ఉన్నప్పుడు నేను తాగిన సెంబులెన్నో వానికి నేను లెక్క సెప్తా. నిన్ను ఇంట్లోనుంచి పొమ్మంటే నేనూ నీ ఎనకే వస్తా, వాడే వండుకోని తింటాడు."

ఈ అత్తను నేను ఇరవై ఏళ్ళుగా నోరు లేని మనిషి అనుకున్నాను. మనుషుల్ని చదవడంలో నాకున్న తెలివి అంతే.

నాగేశ్వరయ్య గడియారం చూసుకున్నాడు. ఆయనకు ఇదంతా ఇబ్బందిగా ఉందని తెలుస్తూనే ఉంది, కానీ ఆయన తలనొప్పి తగ్గలేదు. కాగితం బల్ల మీదే ఉంది. గొంతు మెత్తగా చేసుకుని అన్నాడు.

"పెద్దవాళ్ళ తప్పులు పెద్దవాళ్ళవి. నేనెవరినీ నిందించను. కానీ పిల్ల ఏమి కోరుకుంటుందో కూడా చూడాలి గదా. ఇందాక మీరు అడిగారు, ఇప్పుడు నేను అడుగుతాను. పల్లవీ, ఇట్లా రామ్మా."

నేను వేసిన వల ఆయన చేతికి చిక్కింది. ఏడాదిగా నేను మోస్తున్న భయం అదే, కాస్త మెత్తటి గొంతుతో ఎవరో అడగడం, ఇది ఊఁ అనడం. పదిమంది సాక్షులు. ఆపుదామని అడుగు వేశాను. సామ్సన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, మనం ఆపితే ఇంగ దాని మాటకు ఇలువేముంటాది?" అన్నాడు చెవిలో. వాడి మీద కూడా కోపం వచ్చింది, ఎందుకంటే వాడన్నది నిజం.

పల్లవి జడ కొస నోట్లో నుంచి తీసి ఆయన దగ్గరికి పోయింది. ఆయన వంగి, నవ్వు ముఖంతో అడిగాడు.

"ఇంటికి పోతావా తల్లీ? అమ్మతో, అవ్వతో. పోతావు గదా?"

పల్లవి ఆయన ముఖం చూసింది. తల్లి ముఖం చూసింది. తర్వాత తిరిగి, తెరిచి ఉన్న తలుపులోంచి తరగతి గదిలో గోడ మీద ఉన్న క్యాలెండర్ కాగితం చూసింది. పెదవులు కదిలాయి. బొమ్మలు లెక్కపెట్టుకుంటోందని నాకు ఆలస్యంగా అర్థమైంది.

"పోను" అంది.

ఆయనకు సరిగ్గా వినపడలేదేమో. "ఏమ్మా?"

"పోను. బెల్లు కాలేదు."

అంతే. అరవలేదు, ఏడవలేదు. తెలియని పెద్దమనిషికి తెలిసిన సంగతి ఒకటి చెప్పినట్టు చెప్పింది. అని, వెనక్కి తిరిగి తరగతి గదిలోకి పోయి, గోడ పక్కన తన చోట్లో కూర్చుని, పలక ఒళ్ళో పెట్టుకుంది.

నేను సామ్సన్‌ను చూశాను. వాడు కళ్ళు తుడుచుకుంటూ దుమ్ము పడిందన్నట్టు నటిస్తున్నాడు. నేనైతే నటించలేదు.

"ఇన్నారు గదా సారూ" అన్నాను. "పిల్లను అడగాలన్నారు, అడిగినారు. పోనంటాండాది."

హులిగెమ్మ వరండా అంచున కాళ్ళు చాపి కూర్చుంది. ఒడి విప్పి పక్కన పెట్టుకుంది. "బెల్లు కాలేదంట గదా. అయితే నేనూ పోను. ఈ పొద్దు కూలి పోతే పోనీ" అంది. తిప్పమ్మ పోయి ఆమె పక్కన కూర్చుంది. వంట చేసే ఆమె పొయ్యి దగ్గరికి పోతూ "అన్నం ఏళయితాంది, నాకు బియ్యం ఏరిచ్చేవాళ్ళెవరన్నా రండి" అంది. ఇద్దరు లేచి ఆమె వెనక పోయారు, మిగతావాళ్ళు చాప మీద అట్లాగే కూర్చున్నారు. ఇంటికి పొమ్మని నాగేశ్వరయ్య రెండుసార్లు చెప్పాడు. ఒక్కరూ లేవలేదు. లక్ష్మప్ప చేలో పనుందని లేచిపోయాడు. ఆ ఏడాది ఆయన గట్టు మీదికి మజ్జిగ కుండ వచ్చిందని తర్వాత తెలిసింది. పట్టీ మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

నాగేశ్వరయ్య సిరా డబ్బా మూత పెట్టి సొరుగులో వేశాడు. కాగితం చించలేదు, దాన్ని కూడా మడిచి అదే సొరుగులో పెట్టాడు. మళ్ళీ ఎప్పుడైనా తీస్తాడని నాకు తెలుసు. తీయనీ. నేను ఎక్కడికీ పోను.

ఎమ్మిగనూరుకు రేపు వస్తామని సామ్సన్ ఫోన్ చేశాడు. మధ్యాహ్నం మేమందరం పిల్లలతో పాటు వరండాలోనే ఉన్నాం. పల్లవి పళ్ళెం బొమ్మ తాకి అన్నం తిన్నది, పుస్తకం బొమ్మ తాకి పుస్తకం తీసింది, అందులో ఒక్క అక్షరం కూడా ఆ రోజు దానికి గుర్తు రాలేదు.

నాలుగు గంటలకు బెల్లు కొట్టారు. పల్లవి లేచి, గోడ మీద ఇంటి బొమ్మను వేలితో తాకి, సంచి తగిలించుకుని బయటికి వచ్చింది. "అవ్వా, బెల్లయింది. పోదాం పా" అంది.

అప్పుడు లేచాం మేము.